మార్పు గాలి ఎటు వీచింది?

జర్మన్ హెవీ మెటల్ బృందం స్కార్పియన్స్ 1990లో వెలువరించిన ‘క్రేజీ వరల్డ్’ ఆల్బమ్‌లోని ఒక పాట యూరప్‌కు విముక్తి గీతమైంది. అదే గాలి తెలుగు పాఠకుడికి మరో రుచి చూపింది. 32 ఏళ్ళ తర్వాత ఆ పాటను రాసిన చేయే దిద్దాల్సి వచ్చింది.

ఇందిరాపురం (గజియాబాద్) నుంచి

2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి చొరబడ్డాయి. ఆ మర్నాడే, 25న, జర్మనీలోని హానోవర్ నగరానికి చెందిన స్కార్పియన్స్ బృందం తన కొత్త స్టూడియో ఆల్బమ్ ‘రాక్ బిలీవర్’ను విడుదల చేసింది. ఏడేళ్ళ విరామం తర్వాత వచ్చిన ఆల్బమ్ అది. గాయకుడు క్లౌస్ మైనెకు అప్పటికి 73 ఏళ్ళు. మామూలు రోజుల్లో అయితే ఆ వయసులో ఆ గొంతు ఎలా నిలిచిందన్నదే చర్చనీయాంశమయ్యేది. కానీ యుద్ధం ఆ చర్చను వెనక్కి నెట్టింది. మైనె ఎదుట నిలిచిన ప్రశ్న కొత్త పాటల గురించి కాదు, మూడు దశాబ్దాల నాటి పాత పాట గురించి. మాస్కోలో మార్పు గాలి సవ్వడి విన్నానన్న మనిషి ఇప్పుడు ఏమని పాడాలి?

ఆ పాత పాట ‘విండ్ ఆఫ్ ఛేంజ్’. 1990 నవంబర్ 6న విడుదలైన ‘క్రేజీ వరల్డ్’ ఆల్బమ్‌లోని 11 పాటల్లో అది నాలుగోది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసిన వైనాన్ని ఏ డాక్యుమెంటరీ చెప్పినా, బెర్లిన్ గోడ కూలే దృశ్యం ఏ టీవీలో వచ్చినా వెనక వినిపించే ఈల పాట అదే. ఒక జర్మన్ రాక్ పాటతో మనకేం పని అని తెలుగు పాఠకుడు అనుకోవచ్చు. కానీ ఆ పాటలో పేరు పెట్టి ప్రస్తావించిన నదీ, పార్కూ మనకు పాత పరిచయాలే. ఆ గాలి మన పుస్తకాల బీరువా దాకా వచ్చింది. మన ఆర్థిక విధానం దాకా వచ్చింది. చివరికి 2022 మార్చిలో గజియాబాద్ వైమానిక స్థావరం రన్‌వే దాకా కూడా వచ్చింది.

నిషిద్ధ జాబితాలో తేళ్ళు

స్కార్పియన్స్‌ది సుదీర్ఘ ప్రయాణం. గిటారిస్టు రుడాల్ఫ్ షెంకర్ 1965లో హానోవర్‌లో ఈ బృందాన్ని ప్రారంభించాడు. తొలి ఆల్బమ్ ‘లోన్‌సమ్ క్రో’ 1972లో వచ్చింది. ఇంగ్లీషు మాట్లాడే దేశాల గుత్తసొత్తుగా ఉన్న రాక్ సంగీతంలో, ఒక జర్మన్ బృందం ఇంగ్లీషులోనే పాడి ప్రపంచాన్ని ఒప్పించడం అప్పట్లో అసాధ్యమనిపించిన సంగతి. 1984 నాటి ‘లవ్ ఎట్ ఫస్ట్ స్టింగ్’ ఆల్బమ్‌తో వాళ్ళు అమెరికాలోనూ పెద్ద పేరయ్యారు.

హెవీ మెటల్ అంటే మోత అని చాలామంది అభిప్రాయం. అందులో కొంత నిజముంది. ఎలక్ట్రిక్ గిటార్ ధ్వనిని యాంప్లిఫయర్‌లో కావాలనే చెదరగొట్టి, గరగరలాడించి, దాని కింద డ్రమ్ములను దట్టంగా పరిచే సంగీతం ఇది. గొంతు తారస్థాయిలో నిలబడాలి. అయితే ఈ మోత బృందాలకు మరో ముఖం కూడా ఉంది. అది బ్యాలడ్. మెల్లగా, విషాదంగా మొదలై, పల్లవి దగ్గర ఒక్కసారిగా ఉప్పొంగే పాట అది. ఈ రెండో విద్యలో స్కార్పియన్స్‌ను మించినవారు అరుదు.

తూర్పు కూటమి దేశాలకు ఆ మోత మొదటినుంచీ అనుమానాస్పదమే. 1985 జనవరిలో సోవియట్ యువజన సంఘం కొమ్సొమోల్‌కు చెందిన ఒక ప్రాంతీయ కమిటీ, డిస్కోల్లో వినిపించకూడని పాశ్చాత్య బృందాల జాబితాను తయారుచేసింది. ఒక్కో పేరు ఎదుట ఆ బృందం చేసిన సైద్ధాంతిక నేరమేమిటో కూడా రాసింది. స్కార్పియన్స్ పేరు ఎదుట ఉన్న ఆరోపణ ‘హింస’. ఆ జాబితా తయారైన ఊరు ఉక్రెయిన్‌లోని నికొలాయెవ్. ఇప్పుడు దాని పేరు మైకొలాయివ్. ఈ ఊరి పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి. కథ మళ్ళీ అక్కడికే వెళ్తుంది.

మూడేళ్ళు తిరిగేసరికి పరిస్థితి తలకిందులైంది. మిఖాయిల్ గోర్బచేవ్ గ్లాస్‌నోస్త్, పెరిస్త్రోయికాలతో తలుపులు బార్లా తీశారు. 1988 ఏప్రిల్‌లో స్కార్పియన్స్ సోవియట్ గడ్డపై అడుగుపెట్టింది. మాస్కో కచేరీలకు చివరి నిమిషంలో అనుమతి రాలేదు గానీ లెనిన్‌గ్రాడ్‌లో వరసగా 10 కచేరీలు జరిగాయి. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ సేనలు 872 రోజులు ముట్టడించి ఆకలితో మాడ్చిన నగరం అది. తమ తండ్రుల తరం ట్యాంకులతో వచ్చిన చోటికి తాము గిటార్లతో వచ్చామని ఆ బృంద సభ్యులు తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. ఆ నగరంలో నిలబడి ఒక జర్మన్ ఆ మాట అంటే దాన్ని వట్టి ప్రచారంగా కొట్టిపారేయడం కష్టం.

నది మీద పడవ

‘విండ్ ఆఫ్ ఛేంజ్’కు బీజం పడింది ఆ మరుసటి ఏడాది. 1989 ఆగస్టు 12, 13 తేదీల్లో మాస్కోలోని లెనిన్ స్టేడియంలో ‘మాస్కో మ్యూజిక్ పీస్ ఫెస్టివల్’ జరిగింది. బాన్ జోవి, ఓజీ ఆస్బర్న్, మాట్లీ క్రూ, స్కిడ్ రో, సిండరెల్లా వంటి పాశ్చాత్య తారలతోపాటు స్కార్పియన్స్ కూడా వేదిక ఎక్కింది. నిర్వాహకుల్లో అమెరికన్ మేనేజర్ డాక్ మెగీ ఒకరైతే, సోవియట్ సంగీతకారుడు స్టాస్ నామిన్ మరొకరు. ఆశయం మాదకద్రవ్యాల వ్యతిరేక ప్రచారం. మెగీ స్వయంగా మాదకద్రవ్యాల రవాణా కేసులో నేరం ఒప్పుకున్న మనిషి కావడం ఈ కథలోని ఒక వింత.

కచేరీ రోజుల్లో ఒక సాయంత్రం సంగీతకారులు, పాత్రికేయులు, ఎర్రసేన సైనికులు అందరూ కలిసి మాస్క్వా నది మీద పడవలో గోర్కీ పార్కుకు విందుకు బయల్దేరారు. ఎన్నో దేశాల వాళ్ళు ఒకే పడవలో కూర్చుని సంగీతమనే ఒకే భాష మాట్లాడుకున్నారని మైనె ఆ సాయంత్రాన్ని గుర్తుచేసుకుంటాడు. స్టేడియంలో మరో దృశ్యం అతన్ని కదిలించింది. ప్రేక్షకులను అదుపు చేయాల్సిన సైనికులే వేదిక వైపు తిరిగి, టోపీలు గాల్లోకి ఎగరేసి వాళ్ళతో కలిసిపోయారు. ఇంటికి తిరిగి వెళ్ళాక మైనె ఆ అనుభవాన్ని పాటగా కట్టాడు. ఈ బృందంలో సాధారణంగా బాణీ షెంకర్‌ది, మాట మైనెది. ఈ పాటకు మాత్రం మాటా, బాణీ రెండూ మైనెవే.

ఇక్కడ తేదీలు ముఖ్యం. పాట పుట్టింది 1989 సెప్టెంబర్‌లో. బెర్లిన్ గోడ కూలింది నవంబర్ 9న. అంటే లోకమంతా బెర్లిన్ గోడ పాటగా గుర్తుపెట్టుకున్న ఈ పాట పుట్టేనాటికి గోడ చెక్కు చెదరకుండా నిలబడే ఉంది. పాట చెప్పింది జరిగిపోయిన విజయాన్ని కాదు, గాలిలో తేమలా తగిలిన ఒక సూచనను. దాని బలమూ అదే, బలహీనతా అదే.

ఈల వద్దన్నారు

ఈ పాటను ఆల్బమ్‌గా మలిచే పని 1990లో మొదలైంది. అప్పటికి స్కార్పియన్స్ కూడా ఒక గోడ దాటింది. 1975 నుంచి తమ ప్రతి ఆల్బమ్‌నూ నిర్మించిన డీటర్ డీర్క్స్‌తో తెగదెంపులు చేసుకుంది. కొత్త నిర్మాత అమెరికన్ కీత్ ఓల్సెన్. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ వంటి బృందాలతో పనిచేసి, గొంతునూ గిటార్‌నూ దేనికది స్పష్టంగా వినిపించేలా రికార్డు చేయడంలో పేరుపడ్డ మనిషి. రికార్డింగ్ లాస్ ఏంజెలిస్‌లోనూ, నెదర్లాండ్స్‌లోని హిల్వర్సమ్‌లోనూ సాగింది. చాలా పాటల సాహిత్యంలో కెనడా రచయిత జిమ్ వాలన్స్ చేయి ఉంది. బ్రయన్ ఆడమ్స్ హిట్ పాటల వెనక ఉన్న వ్యక్తి ఆయనే. షెంకర్, మతియాస్ యాబ్స్ గిటార్లు, ఫ్రాన్సిస్ బుక్‌హోల్జ్ బేస్, హెర్మన్ రేర్‌బెల్ డ్రమ్స్. దశాబ్దంపైగా కలిసి నడిచిన ఆ అయిదుగురూ కలిసి చేసిన ఆఖరి స్టూడియో ఆల్బమ్ ఇది. తర్వాత బుక్‌హోల్జ్ తప్పుకున్నాడు.

ఆల్బమ్ మొత్తం రాజకీయమే అనుకుంటే పొరపాటు. తొలి పాట ‘టీజ్ మి ప్లీజ్ మి’ ఎనభైల నాటి అచ్చమైన రాక్ సరసం. ‘డోంట్ బిలీవ్ హర్’, ‘లస్ట్ ఆర్ లవ్’, ‘కిక్స్ ఆఫ్టర్ సిక్స్’ పేర్లు చూస్తేనే విషయం అర్థమవుతుంది. ‘మనీ అండ్ ఫేమ్’లో డబ్బూ కీర్తీ వస్తువు. చివరి పాట ‘సెండ్ మి యాన్ ఏంజెల్’ ప్రార్థనలాంటి బ్యాలడ్. గిటార్లు పదునుగా, డ్రమ్ములు గట్టిగా, ప్రతి పల్లవీ స్టేడియంలో వేలమంది అందుకునేలా సాగే ఈ వరసలో నాలుగో పాట ఒక్కటే వేరే గదిలోంచి వినిపించినట్టుంటుంది.

మోతకు పేరుపడ్డ బృందం ఆ పాటను ఈలతో ప్రారంభించింది. మెల్లని గిటార్ మీద ఒంటరిగా సాగే ఈల. రికార్డు కంపెనీ వారికి అది నచ్చలేదు. ఈల తీసేస్తే పాట బాగుంటుందన్నారు. బృందం తీసి చూసింది, పాట చప్పబడిపోయింది. ఈల తిరిగి వచ్చింది. ఈలకున్న మహిమ ఏమిటో తెలుగువాడికి వేరే చెప్పనక్కర్లేదు. పౌరాణిక నాటకాల రోజుల్లో కల్యాణం రఘురామయ్య వేలు నోట పెట్టి పద్యం ఈలలో పలికిస్తే జనం పరవశించేవారు. ఆయన పేరే ఈలపాట రఘురామయ్యగా స్థిరపడింది. ఈలకు భాష లేదు, యాస లేదు, దానికి వీసా కూడా అక్కర్లేదు. ఇంగ్లీషు రాని మాస్కో కుర్రాడూ, జర్మన్ రాని వరంగల్ కుర్రాడూ ఆ పాటలో ముందుగా నేర్చుకోగలిగింది దాన్నే.

గాలి తుపానైన ఏడాది

1991లో ‘విండ్ ఆఫ్ ఛేంజ్’ సింగిల్‌గా విడుదలైంది. జర్మనీలో మొదటి స్థానానికి, బ్రిటన్‌లో రెండో స్థానానికి, అమెరికాలో నాలుగో స్థానానికి చేరింది. బృందం దాన్ని రష్యన్‌లోనూ స్పానిష్‌లోనూ పాడింది. గోడ ఎక్కిన జనం, సుత్తి దెబ్బలకు రాలుతున్న కాంక్రీటు వంటి వార్తా దృశ్యాలతో వచ్చిన వీడియో, మాస్కో పాటను బెర్లిన్ పాటగా మార్చేసింది.

అదే ఏడాది ఆగస్టు 19న మాస్కోలో గోర్బచేవ్ మీద తిరుగుబాటు జరిగింది. ఇక్కడ ఢిల్లీలో అప్పటికి పాములపర్తి వెంకట నరసింహారావు ప్రధాని పదవి చేపట్టి రెండు నెలలే. రూపాయి విలువ తగ్గించి, జులై 24న కొత్త పారిశ్రామిక విధానాన్ని, మన్మోహన్ సింగ్ తొలి బడ్జెట్‌ను దేశం ముందు పెట్టి నెల కూడా కాలేదు. మాస్కో కబురు విన్న పీవీ, మితిమీరిన వేగంతో మార్పులు తెచ్చేవారికి ఇదొక హెచ్చరిక అన్న ధోరణిలో మాట్లాడారు. మూడు రోజుల్లో కుట్ర విఫలమై గోర్బచేవ్ తిరిగొచ్చేసరికి ఆ మాట విమర్శలకు తావిచ్చింది. దౌత్యపరంగా అది తొందరపాటే కావచ్చు. కానీ అదే మాటను మరోలా కూడా చదవొచ్చు. తన దేశంలో తలుపులు తెరుస్తున్న ఒక వృద్ధ రాజకీయవేత్త, పక్కింటి తలుపు గాలికి ఊడిపడటాన్ని చూసి భయపడ్డ క్షణమది. పాట వినిపించినంత సులువుగా మార్పు జరగదని ఆయనకు తెలుసు.

1991 డిసెంబర్ 14న గోర్బచేవ్ క్రెమ్లిన్‌లో స్కార్పియన్స్ సభ్యులను కలుసుకున్నారు. ఒకప్పుడు తమ యువజన సంఘమే హింసకు ప్రతినిధిగా ముద్రవేసిన బృందానికి సోవియట్ అధినేత స్వయంగా ఆతిథ్యమిచ్చారు. ఆ తర్వాత 11 రోజులకు ఆయన రాజీనామా చేశారు. సోవియట్ యూనియన్ చరిత్రలో కలిసిపోయింది.

ఇంతటి ప్రభావం ఉన్న పాట మీద పుకార్లు పుట్టకుండా ఉంటాయా? దీన్ని రాయించింది అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ అన్న అనుమానం మీద పాత్రికేయుడు పాట్రిక్ రాడెన్ కీఫ్ 2020లో ఏకంగా ఒక పాడ్‌కాస్ట్ ధారావాహిక నడిపారు. మైనె దాన్ని కొట్టిపారేశాడు. నిర్ధారణ ఏదీ తేలలేదు. అయితే ఆ అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో సీఐఏ మేధావుల సభలకూ సాహిత్య పత్రికలకూ రహస్యంగా డబ్బు చేరవేసిన సంగతి 1960ల్లోనే బయటపడింది. మనసులను గెలిచే ఆ పోటీలో మాస్కో కూడా తక్కువ తినలేదు. దానికి సాక్ష్యం తెలుగు ఇళ్ళలోనే ఉంది.

తెలుగు అటకెక్కిన మాస్కో

స్కార్పియన్స్ పాటలో మాస్క్వా నది, గోర్కీ పార్కు వినగానే పాశ్చాత్య శ్రోతకు తోచేది ఒక అపరిచిత, నిషిద్ధ ప్రపంచం. తెలుగు పాఠకుడికి అలా కాదు. ఆ పార్కుకు పేరిచ్చిన గోర్కీ మనకు ‘అమ్మ’ రచయిత. క్రొవ్విడి లింగరాజు అనువాదంతో ఆ నవల స్వాతంత్ర్యానికి ముందే తెలుగు గడప తొక్కింది. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం, తర్వాత రాదుగ ప్రచురణాలయం తెలుగు పుస్తకాలను అక్కడే అనువదింపజేసి, అక్కడే అచ్చువేసి పంపేవి. ‘అతడు-ఆమె’ నవలా రచయిత ఉప్పల లక్ష్మణరావు ఆ అనువాదాల కోసమే మాస్కోలో ఏళ్ళ తరబడి ఉన్నారు. ఐత్‌మాతొవ్ ‘జమీల్యా’, ‘తొలి ఉపాధ్యాయుడు’ ఇలా మనకు చేరినవే. విశాలాంధ్ర పుస్తక దుకాణాల్లో, ఊరూరా తిరిగే పుస్తకాల వ్యానులో గట్టి అట్ట, మంచి కాగితం, రంగుల బొమ్మలతో ఆ పుస్తకాలు కారుచౌకగా దొరికేవి. ‘సోవియట్ భూమి’ పత్రిక నిగనిగలాడే పేజీలు బడి పిల్లల నోటు పుస్తకాలకు అట్టలయ్యేవి.

ఇదంతా ప్రచారం కాదా అంటే, అవును, ప్రచారమే. ఒక రాజ్యం తన ఖర్చుతో పంపిన పుస్తకాలవి. లేబర్ క్యాంపుల సంగతి ఆ పుస్తకాల్లో ఉండదు. కానీ ప్రచారం కోసం వచ్చిన ఆ సంచిలోనే చెహోవ్, టాల్‌స్టాయ్ కూడా వచ్చారు. పల్లెటూరి బడిపిల్లవాడికి ప్రపంచ సాహిత్యం అందిన దారి అదొక్కటే అయిన సందర్భాలు కోకొల్లలు.

మార్పు గాలి ఆ దారిని మూసేసింది. సోవియట్ రాజ్యం పోగానే దాని ఖర్చుతో నడిచిన అనువాద విభాగాలు మూతపడ్డాయి. రాదుగ కూడా ఎంతోకాలం నిలవలేదు. బెర్లిన్‌లో గోడ పడిపోయినందుకు జనం కేరింతలు కొట్టిన కాలంలోనే, తెలుగు పుస్తకాల దుకాణంలో ఒక అర ఖాళీ అవుతూ వచ్చింది. ఆ పుస్తకాలను తర్వాత కొందరు అభిమానులు పాత దుకాణాల్లో వెతికి మరీ పోగుచేసుకున్నారు. కొన్నింటిని తెలుగు ప్రచురణకర్తలు తిరిగి అచ్చువేశారు. ‘విండ్ ఆఫ్ ఛేంజ్’ వినిపించినప్పుడు వామపక్ష కుటుంబాల్లో పెరిగిన తెలుగువారి మనసు రెండుగా చీలితే ఆశ్చర్యం లేదు. స్వేచ్ఛ వచ్చినవాళ్ళను చూసి సంతోషించాలి. పోయినదాన్ని తలచుకుని బాధపడకుండా ఉండటమూ సాధ్యం కాదు. యూరప్ ఈ పాటను ఒకే అర్థంతో వింటుంది. మనకు ఆ సౌకర్యం లేదు.

పొలాల మీద లేచిన ఊరు

1991 గాలి ఇచ్చినదాన్ని కూడా లెక్కవేయాలి. ఢిల్లీ తూర్పు సరిహద్దు దాటగానే వచ్చే ఇందిరాపురమే అందుకు ఉదాహరణ. మకన్‌పూర్ పరిసరాల పొలాల మీద గజియాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ గీసిన లేఔట్ ఇది. సరళీకరణ తర్వాత వచ్చిన ప్రైవేటు ఉద్యోగాలు, బ్యాంకుల ఇంటి రుణాలు, పక్కనే నోయిడాలో వెలిసిన సాఫ్ట్‌వేర్ కంపెనీలు, టీవీ స్టూడియోలు కలిసి రెండు దశాబ్దాల్లో దీన్ని అపార్ట్‌మెంట్ల అడవిగా మార్చాయి. ఇక్కడి తెలుగు కుటుంబాలు చాలావరకు ఆ ఉద్యోగాలతో వచ్చి స్థిరపడ్డవే. 1991 సెప్టెంబర్‌లో స్టార్ టీవీ ద్వారా ఆసియాకు ఎంటీవీ రావడం, మధ్యతరగతి కుర్రాళ్ళ గదుల్లో విదేశీ రాక్ క్యాసెట్లు పేరుకోవడం కూడా ఆ మార్పులో భాగమే. మన దేశంలో స్కార్పియన్స్ అభిమానులు తయారైంది అలాగే. 2007 డిసెంబర్‌లో ఆ బృందం షిల్లాంగ్‌లో కచేరీ చేస్తే, ఈశాన్య రాష్ట్రాల యువత పోలో గ్రౌండ్‌లో పోగై పాటలన్నీ కంఠతా పాడింది.

ఇందిరాపురానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే హిండన్ వైమానిక స్థావరం ఉంది. 2022 మార్చి 3 తెల్లవారకముందు అక్కడ భారత వైమానిక దళానికి చెందిన సీ-17 విమానం దిగింది. ఉక్రెయిన్‌లో చిక్కుకుని, సరిహద్దు దాటి రుమేనియా చేరిన విద్యార్థులు అందులో ఉన్నారు. ‘ఆపరేషన్ గంగ’లో భాగంగా పోలండ్, హంగరీల నుంచీ విమానాలు వరసగా వచ్చాయి. మొత్తం 22,500 మంది పౌరులు తిరిగివచ్చారని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. వారిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఢిల్లీలోని ఆంధ్రా భవన్, తెలంగాణ భవన్ వారికి భోజనం పెట్టి, పడక చూపి, సొంత ఊళ్ళకు పంపాయి. ఒక కర్ణాటక విద్యార్థి మాత్రం ఖార్కివ్‌లో షెల్లింగ్‌కు బలై, మార్చి 1న ప్రాణం కోల్పోయాడు.

ఒకప్పుడు సోవియట్ పుస్తకాలు చదివి ఆ దేశాన్ని ప్రేమించిన తరం ఉంది. ఆ తర్వాతి తరం అదే గడ్డ మీద, తక్కువ ఫీజుకు వైద్యవిద్య దొరుకుతుందని వెళ్ళింది. యుద్ధం వచ్చేసరికి మెట్రో స్టేషన్లలో, బంకర్లలో తలదాచుకుంది. పాట ఊహించిన అన్నదమ్ముల ప్రపంచంలో ఈ దృశ్యానికి చోటు లేదు.

దిద్దిన చరణం

2022 మార్చి 26న స్కార్పియన్స్ లాస్ వెగాస్‌లో వరస కచేరీలు మొదలుపెట్టింది. ‘విండ్ ఆఫ్ ఛేంజ్’ వంతు వచ్చింది. ఈల మారలేదు, బాణీ మారలేదు. మొదటి మాటలు మారాయి. మాస్క్వా నది, గోర్కీ పార్కు కనిపించలేదు. వాటి స్థానంలో గాయకుడి గుండె ఉక్రెయిన్ పేరు తలచింది, గాలి మళ్ళుతుందేమోనని ఎదురుచూసింది. ఇంత ఘోర యుద్ధం జరుగుతుంటే రష్యాను మురిపెంగా పాడే సమయం ఇది కాదన్నది మైనె ఇచ్చిన వివరణ.

ఆ వారంలోనే, మార్చి 29న, మైకొలాయివ్ ప్రాంతీయ పరిపాలనా భవనం మీద రష్యా క్షిపణి పడింది. ముప్పై మందికి పైగా చనిపోయారు. 1985లో స్కార్పియన్స్‌ను హింసకు ప్రతినిధి అంటూ జాబితాకెక్కించిన ఊరు అదే. అసలు హింస ఏ దిక్కు నుంచి వచ్చిందో ఆ ఊరికి ఇప్పుడు తెలుసు.

పాట మార్చడం సబబేనా? దీనికి రెండు వైపులా వాదనలున్నాయి. 1989 నాటి ఆశ ఒక చారిత్రక వాస్తవం. మాస్కో యువకులు నిజంగానే టోపీలు ఎగరేశారు. యుద్ధానికి ఆజ్ఞ ఇచ్చింది ఆ యువకులు కాదు, క్రెమ్లిన్ పాలకులు. నది పేరూ పార్కు పేరూ తీసేస్తే ఆ యువకులను కూడా తుడిచేసినట్టు కాదా? ఇది ఒక వాదన. ఇంటిమీద బాంబులు పడుతున్నవాళ్ళ ముందు, బాంబులు వేస్తున్న రాజధాని అందాలను పాడటం ఎలాంటి మర్యాద? ఇది రెండోది. స్వతంత్ర కళాకారుడిగా మైనె రెండోదాన్ని ఎంచుకున్నాడు. పాతికేళ్ళకు పైగా తనకు అన్నం పెట్టిన పాటను వేలమంది ముందు దిద్దుకోవడానికి సాహసం కావాలి. తన పాట జోస్యం కాదని, ఒక ఆశ మాత్రమేనని, ఆశ వమ్మైందని ఒప్పుకోవడమే అది.

అదృష్టవశాత్తు, స్టూడియో ఆల్బమ్‌ను ఎవరూ దిద్దలేరు. వేదిక మీది పాట కాలంతోపాటు మారుతుంది. రికార్డు మాత్రం మారదు. 1990 నాటి ‘క్రేజీ వరల్డ్’లో నది ఇంకా ప్రవహిస్తూనే ఉంది, సైనికులు ఇంకా వింటూనే ఉన్నారు. ఆల్బమ్ విలువ అదే. అది తీర్పు చెప్పదు, సాక్ష్యం చెబుతుంది. ఒక ఏడాదిన్నర కాలంలో మనుషులు దేన్ని నమ్మారో, ఎంత గాఢంగా నమ్మారో ఆ అయిదు నిమిషాల పాట చెబుతుంది. దిద్దిన పాట ఆ నమ్మకం ఏమైందో చెబుతుంది. రెండూ కావాలి. చరిత్ర విద్యార్థి మొదటిదాన్ని పారేయకూడదు, పౌరుడు రెండోదాన్ని మరవకూడదు.

2022 ఆగస్టు 30న గోర్బచేవ్ కన్నుమూశారు. 2025లో స్కార్పియన్స్ 60 ఏళ్ళు పూర్తిచేసుకుంది. ఆల్బమ్ ఇప్పటికీ అమ్ముడవుతోంది, ఈల ఇప్పటికీ మోగుతోంది. ఎక్కువమంది ఆ నాలుగో పాట ఒక్కటే విని ఆపేస్తారు. ఆపకుండా విననిస్తే పదో పాట వస్తుంది. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట అది. మార్పు గాలిని పాడిన బృందమే తన ఆల్బమ్ అట్టమీద వేసుకున్న పేరు ‘పిచ్చి ప్రపంచం’. ఆ సంగతి కూడా 1990లోనే అచ్చయింది.